కళ్ళద్దాల పొట్టేలు తాళంచెవి

కోవిల్‌పట్టి,
3 జూన్ 2004

చిరంజీవి నిరోషాకు మీ మామ లక్ష్మణసామి దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అత్త, మన తీప్పెట్టి ఆఫీసులో అగ్గిపెట్టెలు చేసే నలభై మంది ఆడవాళ్ళు, ఈ ఊరి ఎండ, అందరమూ క్షేమం. అక్కడ విరుదునగర్‌లో నువ్వూ, నీ డీటీపీ సెంటరు కంప్యూటరూ క్షేమమని తలుస్తాను.

విషయానికి వస్తాను. మన అగ్గిపెట్టెలకు నువ్వు కొత్త లేబులు వేస్తున్నావు. కళ్ళద్దాలు పెట్టుకున్న పొట్టేలు. నువ్వు నోటితో చెప్పినప్పుడే నాకు నచ్చింది, ఎందుకంటే అట్లాంటి పొట్టేలును ఎవడూ చూసి ఉండడు. కానీ ఆ బొమ్మను ఈమెయిల్ అనే పెట్టెలో పెట్టానంటావు. పెట్టె నా పేరు మీదే తెరిచానంటావు. తాళంచెవి మాత్రం నీ దగ్గర ఉంచుకున్నావు. ఇదేం న్యాయం? మా ఇంట్లో బీరువా తాళంచెవి మీ అత్త దగ్గర ఉంటుంది, అది వేరే సంగతి. ఆ బీరువా యాడ ఉందో నాకు తెలుసు. ఈ పెట్టె యాడ ఉందో కూడా తెలియదు.

నా భయం నీకు తెలియంది కాదు. మన 'మూడు నిమ్మకాయలు' లేబులు ఇరవై ఏళ్ళు తిరునెల్వేలి దాకా పోయింది. పక్క కాంపౌండు బాలచందర్ రెండేళ్ళ కింద 'నాలుగు నిమ్మకాయలు' అని ఒకటి తెచ్చాడు. అప్పటి నుంచి మన ఆర్డర్లు సగమైపోయాయి. ఈ లైన్‌లో మేము ఒప్పుకున్న రూలు ఒకటే: ఎవరి బొమ్మ ముందు శివకాశి ప్రెస్సుకు చేరితే లేబులు వాళ్ళది. ఈ పొట్టేలు కూడా వాడి చేతికి పోయిందంటే వచ్చే ఆషాఢంలో, ఆడి నెల రాగానే, ఆఫీసు మూసేయడమే. నలభై మందిని ఇంటికి పొమ్మని చెప్పే నోరు నాకు లేదమ్మా.

కాబట్టి ఆ తాళంచెవి మాటేదో రాసి పంపు. ఫోన్‌లో వద్దు, మన ఫోను ఉన్నది పనివాళ్ళ మధ్యలో. కార్డు మీద రాసినా చాలు, తెలుగులో రాయి. ఈ ఊళ్ళో అందరూ చదివేది తమిళం. చిన్నప్పుడు నీకు పలక మీద నేను దిద్దించిన తెలుగు అక్షరమే మనకు తాళం. నేను తప్ప దాన్ని చదివేవాళ్ళు ఈ వీధిలో లేరు.

ఇట్లు,
మీ మామ
లక్ష్మణసామి

తా.క.: బాలచందర్ నిమ్మకాయలు నాలుగూ మన మూడింటి కంటే చిన్నవి. కానీ కొట్టువాళ్ళు ఎన్ని ఉన్నాయనే చూస్తారు.

తా.క. 2: తెలుగు చదివేవారు వీధిలో ఇంకొకరు ఉన్నారు. పర్వాలేదు.


విరుదునగర్,
6 జూన్ 2004

పూజ్యులైన మామకు నిరోషా నమస్కారాలతో రాసేది. నేను బాగున్నాను. సెంటరులో కంప్యూటరుకు మొన్న వైరస్ పట్టుకుంది, ఇప్పుడు నయమైంది.

ముందు ఒక మాట. మీ చేతిరాత ఎంత మారిపోయింది మామా! నాకు పలక మీద దిద్దించిన రోజుల్లో మీ అక్షరాలు సంతలో తప్పిపోయిన మేకల్లా తలా ఒక దిక్కుకు పోయేవి. ఇప్పుడు ముత్యాలు గుచ్చినట్టున్నాయి. అత్త ఏం వండి పెడుతోంది మీకు?

ఇక తాళంచెవి సంగతి. దాన్ని పాస్‌వర్డ్ అంటారు. కార్డు మీద రాయను. వేరే చీటీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఈ కవరులో పెట్టి అతికించాను. దానికి అర్థం వెతకొద్దు, అర్థం లేకపోవడమే దాని గొప్ప. ఎవరికీ చెప్పొద్దు. అత్తకు కూడా చెప్పొద్దు. గోడ మీదా, క్యాలెండరు మీదా రాయొద్దు. బ్రౌజింగ్ సెంటరుకు పోతే మీ వేళ్ళతో మీరే కొట్టండి, పక్కన ఎవరూ తొంగి చూడకుండా చూసుకోండి. లేచి వచ్చేటప్పుడు పెట్టె మూసి రండి. తెరిచిపెట్టి వస్తే మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడిదే మీ పెట్టె.

కొమ్ములకు రంగు వేయడం ఒక్కటే మిగిలింది. సెంటరులో పగలంతా పెళ్ళికార్డుల పని, మధ్యాన్నం భోజనం టైములోనే దీన్ని ముట్టుకోగలుగుతున్నాను. ఇరవై ఐదో తేదీకల్లా ప్రెస్సుకు పంపిస్తాను, వాళ్ళకు చెప్పి కూడా ఉంచాను. మామా, ఇప్పటి దాకా ఊరివాళ్ళ కార్డుల మీద ఎవరో వేసిన వినాయకుణ్ణి అతికించడమే నా పని. నా చేత్తో నేను వేసిన మొదటి బొమ్మ ఇదే. ఇది పోతే నేను తట్టుకోలేను. అందుకే ఇన్ని చెబుతున్నాను, విసుక్కోవద్దు.

ఇట్లు,
మీ మేనకోడలు
నిరోషా

తా.క.: చీటీ చదవగానే చింపేయండి.

తా.క. 2: ఆ ఇంకొకరు ఎవరు మామా? సంతకం పైన లేరని రాశారు, కింద ఉన్నారని రాశారు.


కోవిల్‌పట్టి,
10 జూన్ 2004

చిరంజీవి నిరోషాకు మామ ఆశీస్సులు. అందరమూ క్షేమం, మీ అత్త కొంచెం కోపంగా క్షేమం. కారణం కిందికి వస్తుంది.

చేతిరాత గురించి రాశావు. వయసు ముదిరేకొద్దీ చేయి నిలకడ పడుతుందమ్మా, అంతే.

చీటీ నువ్వు చెప్పినట్టే చదవగానే చింపేయడమైంది. చింపిన తర్వాత అందులో ఏముందో గుర్తు రాలేదు. మళ్ళీ ముక్కలన్నీ ఏరి, పెట్టెలకు రాసే మైదా జిగురుతో ఒక అట్ట మీద అతికించి, నా కుర్చీ వెనక గోడకు తగిలించడమైంది. గోడ మీద రాయొద్దన్నావు గదా, రాయలేదు.

నిన్న మారిసామి బ్రౌజింగ్ సెంటరుకు పోయాను. ఆ బటన్లకు నా వేళ్ళు లావు. కాబట్టి అట్టను మారిసామి చేతికిచ్చి వాణ్ణే కొట్టమన్నాను. తొంగి చూడకూడదన్నావు కాబట్టి కళ్ళు మూసుకోమన్నాను. "కండ్లు మూసుకుంటే ఎట్లా కొట్టేది మామా?" అన్నాడు. సరే, ఒక కన్ను మూసుకోమన్నాను. వాడు కొట్టిన ప్రతి అక్షరానికీ తెర మీద చుక్క పడుతోందంట. "చుక్కలు ఏంటికి, నేనిచ్చింది అక్షరాలు గదరా, గట్టిగా చదువుతా కొట్టు" అన్నాను. గట్టిగా చదివాడు. వెనక నిలబడ్డవాళ్ళు కూడా పాపం ఒక్కో అక్షరం అందించి సాయం చేశారు. పెట్టె తెరుచుకుంది.

కానీ అర్థం లేని మాట నాకు పనికిరాదు. అందుకని అక్కడికక్కడే మారిసామితో మార్పించాను. బాగా ఆలోచించి పెట్టాను సుమా. నా నోటి నుంచి పొరపాటున కూడా రాని మాట ఏది? మీ అత్త పేరు! పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక్కసారి పేరు పెట్టి పిలిచి ఎరగను. "ఇదో" అంటాను, వస్తుంది. కల్లు తాగించి అడిగినా నా నోట ఆ పేరు రాదు. మారిసామికి చెప్పడానికే నాకు చెమటలు పట్టాయి. మూడుసార్లు "ఇదో" అన్నాను, వాడు మూడుసార్లూ 'ఇదో' అనే కొట్టాడు. ఇక లాభం లేదని కళ్ళు మూసుకుని చెప్పేశాను. నేను ఇల్లు చేరేలోపు మీ అత్తకు కబురు చేరింది. "ముసలితనంలో నడివీధిలో నా పేరు పిలిచే అవసరం ఏమొచ్చింది?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కోపమో సిగ్గో నాకు తెలియలేదు.

భయపడకు. మారిసామితో మాట్లాడిందంతా తెలుగులోనే. వెనక నిలబడ్డవాళ్ళకు ఏం తెలుస్తుంది?

ఇట్లు,
మీ మామ
లక్ష్మణసామి

తా.క.: వెనక నిలబడ్డ ఏడుగురిలో ఆరుగురు మన తెలుగువాళ్ళే.

తా.క. 2: మీ అత్త పేరు ఆఫీసు బోర్డు మీద అడుగు ఎత్తు అక్షరాల్లో ఉంది. ముత్తమ్మాళ్ మ్యాచ్ వర్క్స్.


విరుదునగర్,
12 జూన్ 2004

మామకు నిరోషా నమస్కారాలు. క్షేమం గురించి తర్వాత రాస్తాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందని నాకు చెప్పిందే మీరు. తెలుగు తాళం కాదు మామా! కోవిల్‌పట్టిలో ఏ బస్సయినా ఎక్కి చూడండి. పక్క సీటువాళ్ళకు తెలియకూడదని మనం తెలుగులో మాట్లాడుకుంటాం. మనకు తెలియకూడదని వాళ్ళు తెలుగులో మాట్లాడుకుంటారు. సాత్తూరు వచ్చేసరికి వాళ్ళ ఇంటి సంగతులు మనకూ, మన ఇంటి సంగతులు వాళ్ళకూ తెలిసిపోతాయి. టికెట్టు మాత్రం ఇద్దరమూ తమిళంలో అడుగుతాం. బయట తమిళం మాట్లాడినంత మాత్రాన ఇంట్లో కూడా తమిళమేననుకుంటే ఎట్లా? బాలచందర్ ఇంట్లో మాట్లాడేది ఏమిటి? మన తెలుగే కదా!

అందుకని మీ ఉత్తరం అందిన గంటలోనే పాస్‌వర్డ్ మార్చేశాను. ఈసారి మీకు చెప్పను. ఎన్ని రోజులు ఆలోచించినా ఎవరూ కనిపెట్టలేని మాట పెట్టాను. నా మీద కోపం పెట్టుకోవద్దు. ఆ అట్టను గోడ మీది నుంచి తీసి పొయ్యిలో వేయండి. పొట్టేలు ప్రెస్సుకు చేరేదాకా మీరు ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా ఉంటే అదే నాకు పెద్ద సాయం.

ఇట్లు,
నిరోషా

తా.క.: ఎవరైనా పాస్‌వర్డ్ అడిగితే తెలియదని చెప్పండి. ఇప్పుడు అది నిజమే.

తా.క. 2: ఇంకొకరు ఎవరని అడిగాను, జవాబు లేదు. మీరు సంతకం పైన ఒక మనిషిగా, కింద ఒక మనిషిగా రాస్తున్నారు.


కోవిల్‌పట్టి,
14 జూన్ 2004

చిరంజీవి నిరోషాకు మామ ఆశీస్సులు. నీ జవాబు ఇంకా అందలేదు, ఆగేంత ఓపిక లేక రాస్తున్నాను. దొంగలు పడ్డారమ్మా!

ఈ పొద్దు మారిసామి దగ్గరికి పోయి పెట్టె తెరవమన్నాను. మీ అత్త పేరు చెప్పాను, ఇప్పుడు కొంచెం అలవాటైంది. తప్పు అంటోందంట. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తప్పంట. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసినవాడికి పెళ్ళాం పేరు తప్పని చెప్పడానికి అదెవరు? అప్పుడు తెలిసింది, ఎవడో నా తాళం పీకి తన తాళం వేసుకున్నాడు.

నేరుగా పోలీసు స్టేషనుకు పోయాను. "ఏం పోయింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పొట్టేలు" అన్నాను. "ఎన్ని?" అన్నాడు. "ఒకటే, కళ్ళద్దాలు పెట్టుకున్నది" అన్నాను. పెన్ను కింద పెట్టేశాడు. ఇక వివరంగా చెప్పక తప్పలేదు. చుట్టూ నలుగురూ ఉన్నారు, విషయమా రహస్యం. కాబట్టి తెలుగులో చెప్పాను. కొమ్ములు ఎన్ని మెలికలు, కళ్ళద్దాలు గుండ్రమా పలకలా, వెనక సూర్యుడు, కింద ఎర్ర పట్టీ, నువ్వు చెప్పిందంతా ఒక్కటి వదలకుండా. ఇన్‌స్పెక్టరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

కానీ ఫిర్యాదు రాసుకోవాలి గదా. అదృష్టం బాగుండి బెంచీ మీద కూర్చున్న ఎవరో ఒకాయన, బాగా జలుబు చేసిన గొంతు, లేచి నేను చెప్పిందంతా ఇన్‌స్పెక్టరుకు తమిళంలో చెప్పాడు. ఒక్క మాట జారిపోలేదు. పట్టీ వెడల్పెంత, సూర్యుడికి కిరణాలెన్ని అని నేను మరిచిపోయినవి కూడా అడిగి తెలుసుకున్నాడు. లోకంలో మంచివాళ్ళు ఇంకా ఉన్నారు.

మారిసామి సెంటరు తలుపుకు ఒక నోటీసు కూడా అంటింపించాను. "కళ్ళద్దాల పొట్టేలు పెట్టెకు తాళం మార్చినవారు మర్యాదగా తిరిగి ఇవ్వవలెను. ముత్తమ్మాళ్ మ్యాచ్ వర్క్స్." తమిళంలోనే రాయించాను, దొంగకు అర్థం కావాలి గదా.

బొమ్మ నీ దగ్గర ఇంకొకటి భద్రంగా ఉందా? నాకు కాలూ చేయీ ఆడటం లేదు. వెంటనే రాయి.

ఇట్లు,
మీ మామ
లక్ష్మణసామి

తా.క.: తమిళంలో చెప్పినాయన బాలచందర్. ఏదో మైకు పర్మిషన్ కోసం వచ్చి కూర్చున్నాడు.


విరుదునగర్,
17 జూన్ 2004

మామకు నిరోషా రాసేది.

ఆ దొంగను నేనే. నా ఉత్తరం మీకు సోమవారం సాయంత్రం అంది ఉంటుంది, మీరు పొద్దున్నే స్టేషనుకు పోయారు. దయచేసి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, లేకపోతే పోలీసులు నా హాస్టలుకు వస్తారు.

మీ సంతకం కింద ఉన్న ఆ ఒక్క లైను మూడుసార్లు చదివాను. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చారని కథలు విన్నాను. దొంగకు సామాను వర్ణించి చెప్పి, వాడు దాన్ని పోలీసులకు తర్జుమా చేస్తే మంచివాడని మెచ్చుకున్నవాళ్ళను వినలేదు. జలుబు చేస్తే మాత్రం పక్క కాంపౌండు మనిషిని గుర్తుపట్టరా మామా? మీ ఎదురుగానే కదా నిలబడ్డాడు!

నిన్న ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. "మీరు చెప్పిన బొమ్మలాంటిదే కోవిల్‌పట్టి నుంచి ఇంకొకటి వచ్చిందమ్మా. రెండు పొట్టేళ్ళు, రెండు జతల కళ్ళద్దాలు. ముందు వచ్చింది కాబట్టి సోమవారం అచ్చు ప్లేటు చేసేస్తాం" అన్నారు. ఫోను పెట్టేసి సెంటరు వెనక్కి పోయి ఏడ్చాను. మూడు వారాలు భోజనం మానుకుని వేశాను. నాకు బొమ్మ పోయిన ఏడుపు, మీకు ఆఫీసు. ఎవడూ పాస్‌వర్డ్ పగలగొట్టలేదు, ఎవడూ పెట్టె తెరవలేదు. బొమ్మ నడిచి వాళ్ళింటికి పోయింది. ఎన్ని తాళాలు మార్చి ఏం లాభం, నోటికి తాళం లేకపోతే.

మీ మీద చాలా కోపంగా ఉంది. నా పలక మీద చేయి పట్టి దిద్దించిన మామ మీద ఇంత కోపం వస్తుందని నేను అనుకోలేదు.

నిరోషా

తా.క.: ఆ ఇంకొకరు ఎవరో ఈసారి చెప్పకపోతే నేను మళ్ళీ ఉత్తరం రాయను.


కోవిల్‌పట్టి,
21 జూన్ 2004

చిరంజీవి నిరోషాకు పక్క కాంపౌండు రాజమ్మాళ్ అవ్వ దీవించి రాసేది.

నువ్వు అడిగిన ఇంకొకరు నేనే, బాలచందర్ తల్లిని. మొదటి ఉత్తరం నుంచి ఇప్పటి దాకా నువ్వు మెచ్చుకున్న ఆ ముత్యాలన్నీ నా చేతివే.

మీ మామకు రెండు కళ్ళలోనూ శుక్లం. ఆరు నెలలుగా అక్షరం కనపడదు, ఎదుట మనిషి నిలబడితే నీడ నిలబడ్డట్టే. నేను చిత్తూరు పక్క పుట్టి ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని, తెలుగు చదవడం రాయడం ఈ వీధిలో నాకే మిగిలింది. నీ ఉత్తరం రాగానే నా దగ్గరికి తెచ్చేవారు. "బాలచందర్‌ను నమ్మనక్కా, నిన్ను నమ్ముతాను. అది వేరు, ఇది వేరు" అనేవారు. నీ చీటీ చదివింది నేను, చింపింది నేను, ముక్కలు ఏరి అతికించిందీ నేనే. ఇంకొకరు ఎవరని నువ్వు అడిగిన చోటల్లా ఆ లైను దాటేసి చదివాను. ఆయన చెప్పింది సంతకం వరకే. కింద రాసినవన్నీ నా సొంతం, ఆయనకు తెలియవు. నీకు ఎట్లాగో హెచ్చరిక చేయాలని రాశాను.

నా కొడుక్కి నేను ఒక్క మాట చెప్పలేదు. వాడు నన్ను అడగనూ లేదు, స్టేషనులో అన్నీ దొరికాయి గదా. ఇంటికొచ్చి నవ్వుతా చెప్పాడు. మా ఆఫీసు లైసెన్సు నా పేరు మీద ఉంది. కాగితం మీద నా సంతకం లేనిదే ప్రెస్సువాళ్ళు ప్లేటు చేయరు. నాలుగు నిమ్మకాయలప్పుడు ఇదేం కాగితమని అడగకుండా పెట్టేశాను, ఆ తప్పు నాదే. ఈసారి చదివాను, పెట్టలేదు. ప్రెస్సుకు నేనే ఫోను చేసి ఆ రెండు పొట్టేళ్ళనూ వెనక్కి పంపమన్నాను. బాలచందర్ మూడు రోజులుగా నా చేతి అన్నం తినడం లేదు. ఆకలేస్తే వాడే వస్తాడు. నీ పొట్టేలును ఈ ఉత్తరం అందగానే పంపు. కొమ్ములకు రంగు లేకపోయినా పంపు.

ఎవరూ కనిపెట్టలేరన్న నీ కొత్త పాస్‌వర్డ్ నీ పేరూ, నువ్వు పుట్టిన సంవత్సరమూ కదా? నేను కంప్యూటరు ముట్టలేదు, ఊరికే కూర్చుని అనుకున్నాను. అవునైతే మార్చు.

ఇప్పుడు అసలు సంగతి. కళ్ళ విషయం ఎవరికీ చెప్పొద్దని మీ మామ నా చేత ఒట్టు వేయించుకున్నారు. కొనేవాళ్ళకు తెలిస్తే సరుకు నమ్మరంట, మీ అత్తకు తెలిస్తే ఆఫీసు మూసేయమంటుందంట. ఇన్నాళ్ళూ దాచాను. మొన్న శనివారం పుల్లలకు మందు ముంచే గదిలో తడుముకుంటా పోయి, ఆరబెట్టిన పుల్లల చట్రాల మీద పడ్డారు. ఒకటి రాసుకుని భగ్గుమంది. అక్కడ పనిచేసే సీనియమ్మాళ్ తడి గోనె వేసి ఆర్పింది కాబట్టి సరిపోయింది. గదిలోకి పిల్లి దూరిందని అందరికీ చెప్పారు. ఆ మందు వాసనకు పిల్లి ఆ గడప తొక్కదమ్మా. నా చెవిన పడిన నీ పాస్‌వర్డ్‌లన్నీ నేను చచ్చేదాకా దాచగలను. ఇది దాచితే మనిషి పోతాడు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళు పోతారు. అందుకే ఒట్టు తీసి గట్టున పెట్టాను.

ఈ గురువారం ఇక్కడ స్కూల్లో కంటి క్యాంపు. మీ అత్త చెబితే వినరు, నేను చెబితే నవ్వుతారు. నువ్వు వచ్చి చేయి పట్టుకుంటే వస్తారు.

ఆయన ఇప్పుడు నా ఎదురుగానే కూర్చుని, "ఆరోగ్యానికేం కొదవ లేదు, కోపం మానుకో తల్లీ, మామ తెలియక చేశాడు" అని చెబుతున్నారు. నేను రాస్తున్నది అదేననుకుంటున్నారు. ఆ మాట కూడా నిజమే కాబట్టి రాశాను.

ఇట్లు,
రాజమ్మాళ్

లక్ష్మణసామి

తా.క.: సంతకం పెట్టే ముందు, రాసింది ఒకసారి చదివి వినిపించమన్నారు. ఎప్పుడూ అడిగేవారు కాదు, ఈ పొద్దే అడిగారు. ఉన్న లైను దాటేయడం నాకు వచ్చు గానీ, లేని లైను చదవడం రాదు. ఈసారి దాటేయడానికి కూడా మనసు ఒప్పలేదు. పైనుంచి కింద దాకా చదివాను. విని, చేయి ముందుకు చాపారు. తర్వాత "పెన్ను ఇయ్యక్కా, యాడ పెట్టేది?" అన్నారు. వేలు పట్టి చోటు చూపించాను. గురువారం పొద్దున మొదటి బస్సుకే రా.